అండమాన్‌ను తాకిన నైరుతి: ఆ వార్త ఎవరి కోసం?

ఏటా మే మూడో వారం అటూ ఇటూగా తెలుగు పత్రికల్లో ఒక వార్త వస్తుంది: అండమాన్‌ను తాకిన నైరుతి రుతుపవనాలు. మీరూ దాన్ని కరెంట్ అఫైర్స్ నోట్సులో ఎక్కించే ఉంటారు. 2024లో మే 19, 2025లో మే 13. వార్తలో రెండో వాక్యం కూడా ప్రతి సంవత్సరం దాదాపు ఒకటే. ఇంకొన్ని రోజుల్లో కేరళ, ఆ తర్వాత రాయలసీమ, రైతులకు తీపి కబురు. ఆ వార్తలో అండమాన్ ఒక రైల్వే స్టేషను లాంటిది. బండి అక్కడ దాటిందంటే మన ఊరికి ఎప్పుడొస్తుందో లెక్క వేసుకుంటాం. ఆ స్టేషన్లో నిలబడ్డ మనిషి తడిశాడా లేదా అన్నది ఎవరికీ వార్త కాదు. (ఆ లెక్క కూడా పూర్తిగా నిజం కాదు. అండమాన్‌కు ముందొస్తే కేరళకూ ముందే వస్తుందన్న నియమం ఏదీ లేదని వాతావరణ శాఖే తన ప్రకటనల్లో చెబుతూ ఉంటుంది. ప్రిలిమ్స్‌లో ఇలాంటి వాక్యం కనిపిస్తే జాగ్రత్త.)

ఈ వ్యాసంలో ఆ నిలబడ్డ మనిషి వైపు నుంచి చరిత్ర చూద్దాం. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురంలో మిన్నీ బే ఒక పేట. అక్కడి నుంచి పొద్దున్నే సైకిల్ మీద పనికి బయల్దేరే మనిషిని ఊహించుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు కాబట్టి ఆ మనిషి తెలుగువాడే అనుకున్నా తప్పు లేదు. ఆయనకు కావలసింది ఒక్క ప్రశ్నకు జవాబు. ఇప్పటి నుంచి అరగంటలోపు ఈ రోడ్డు మీద వాన పడుతుందా? నూట అరవై ఏళ్ల వాతావరణ శాస్త్రం ఆ ప్రశ్నకు ఇంకా సరిగ్గా జవాబు చెప్పలేకపోతోంది. దానికి శాస్త్రంలో ఉన్న కష్టం ఒక కారణం. అసలు ఆ ప్రశ్నను ఎవరూ చాలాకాలం అడగకపోవడం ఇంకో కారణం. చరిత్ర విద్యార్థులుగా మనకు పనికొచ్చేది ఈ రెండోది.

ఓడ కోసం పుట్టిన శాస్త్రం

బంగాళాఖాతపు తుపాను చరిత్ర తెలుగు తీరంలోనే మొదలుపెట్టవచ్చు. 1789 డిసెంబరులో గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది. ఇరవై వేల మంది పోయారని చెబుతారు. 1839 నవంబరులో అదే రేవు మళ్లీ మునిగింది, ఆ తర్వాత ఇక కోలుకోలేదు. ఈ తుపానులను కాగితం మీద లెక్కగట్టిన వ్యక్తి హెన్రీ పిడింగ్టన్, కలకత్తాలో ఉండే ఈస్టిండియా కంపెనీ అధికారి. ఓడల లాగ్‌బుక్కులు సేకరించి, ఏ గంటకు ఏ ఓడ దగ్గర గాలి ఎటు వీచిందో పటం మీద గుర్తులు పెట్టి, గాలి చుట్ట చుట్టుకుని తిరుగుతుందని చూపించాడు. పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పదం తయారుచేశాడు. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఆ పదం స్థిరపడింది.

ఆయన అధ్యయనం చేసిన తుపానుల్లో ఒకటి మన కథకు దగ్గరిది. 1844 నవంబరులో సైనికులను తీసుకొస్తున్న బ్రిటన్, రన్నీమీడ్ అనే రెండు ఓడలు, ఒకటి సిడ్నీ నుంచి, ఇంకొకటి ఇంగ్లండ్ నుంచి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా ఒకే తుపానులో చిక్కి, ఒకే రాత్రి అండమాన్ దీవుల్లో ఒకదాని పక్కన ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆరు వందల పైచిలుకు మనుషులు వారాల తరబడి ఆ ఒడ్డున గడిపారు. తెల్లారి చూస్తే పక్కనే ఇంకో ఓడ. నవలలో రాస్తే మరీ అతి అంటాం.

పిడింగ్టన్ గురించి ఇంకో ముక్క చెప్పి ముందుకు వెళ్దాం, ఎందుకంటే ఈ వ్యాసంలో మళ్లీ మళ్లీ వచ్చే సమస్య అందులో ఉంది. సుందరవనాల్లో మాతలా నది మీద కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం అనుకుంటే, 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. అక్కడ రేవు కడితే ఏదో ఒకనాడు ఉప్పెన వచ్చి మొత్తం ముంచుతుందని. ఎవరూ పట్టించుకోలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867లో ఉప్పెన వచ్చింది, రేవు పోయింది. అప్పటికి పిడింగ్టన్ చనిపోయి తొమ్మిదేళ్లు. అంచనా తప్పడం ఒక సంగతి, అంచనా సరిగ్గా ఉన్నా చెవికెక్కకపోవడం ఇంకో సంగతి. మెయిన్స్ సమాధానంలో ఈ రెంటినీ విడదీసి రాసేవాళ్లు తక్కువ.

1864 అక్టోబరు 5న కలకత్తాను తాకిన తుపాను అండమాన్ దగ్గరి సముద్రంలో పుట్టింది. హుగ్లీలో ఓడలు కుప్పలుగా విరిగాయి. నెల తిరక్కుండా, నవంబరు 1న, ఇంకో తుపాను మచిలీపట్నాన్ని ముంచింది. ముప్పై వేల మంది పోయారు. గమనించండి, 1865లో తుపాను హెచ్చరికల వ్యవస్థ మొదట వచ్చింది కలకత్తా రేవుకే. మచిలీపట్నంలో పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు. కానీ కలకత్తాలో పోయినవి ఓడలు, సరుకు, బీమా సొమ్ము. 1866, 1871 వానలు ముఖం చాటేశాక, 1875లో అఖిల భారత స్థాయిలో వాతావరణ శాఖ ఏర్పడింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దాని మొదటి అధిపతి. రేవుల్లో 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని మనం ఇప్పటికీ వినే అంకెల పద్ధతి దేశమంతటా ఒకేలా అమలైంది 1898లో. ఆ అంకె ఓడ కెప్టెన్‌కు. సైకిల్ మీద రేవుకు పనికెళ్లే కూలీ కూడా ఆ జెండా చూసేవాడు, అది వేరే సంగతి.

తెలుసు, కానీ చెప్పే దారి లేదు

1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టారు. 1868 నుంచి అక్కడ వాతావరణ పరిశీలన కేంద్రం ఉంది. భారత వాతావరణ శాఖ కంటే ఏడేళ్లు పెద్దది. బంగాళాఖాతపు తుపానుల దిక్కు, తీవ్రత తెలుసుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదని, వానల మీద ఆధారపడ్డ పెద్ద వ్యాపారాలకు ఇక్కడి సమాచారం ఎంతో విలువైనదని ఆనాటి విజ్ఞాన సర్వస్వాలు పొగిడాయి. అదే చోట, ఈ దీవుల్లో మాత్రం వాన ఒక క్రమం లేకుండా పడుతుందని కూడా రాశాయి. ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే ఉంటే నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. అందరి వానా ఇక్కడి నుంచి చెప్పవచ్చు, ఇక్కడి వాన తప్ప.

పొగడ్త సరే, ఆ సమాచారం కలకత్తాకు వెళ్లేది ఎలా? టెలిగ్రాఫ్ తీగ అండమాన్‌కు లేదు. భారతదేశంలో టెలిగ్రాఫ్ 1850లలోనే విస్తరించిందని, 1857 తిరుగుబాటులో దాని పాత్రేమిటో మీరు చదివే ఉంటారు. అండమాన్‌కు మాత్రం ఓడ వస్తేనే ఉత్తరం. బారోమీటరు పడిపోతోందని పోర్ట్ బ్లెయిర్‌లో రాసుకున్న కాగితం, ఆ తుపాను కలకత్తాకు చేరిన తర్వాత ఎప్పుడో చేరేది. బర్మా తీరంలోని డైమండ్ ఐలాండ్‌కు, పోర్ట్ బ్లెయిర్‌కు మధ్య వైర్‌లెస్ ఏర్పడింది 1905 ప్రాంతంలో. అంటే దాదాపు ముప్పై ఏడేళ్లు ఆ కేంద్రం చూస్తూనే ఉంది. చూసింది చూసినట్టు అవతలివాళ్లకు చెప్పే దారి లేకుండా.

ఆ ముప్పై ఏడేళ్ల మధ్యలో, 1891 నవంబరులో, తుపాను నేరుగా పోర్ట్ బ్లెయిర్ మీదికే వచ్చింది. ప్రభుత్వ నౌక ఎంటర్‌ప్రైజ్ సౌత్ పాయింట్ దగ్గర రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. ఓడలో ఉన్న 83 మందిలో 77 మంది చనిపోయారు. మిగిలిన ఆరుగురు ఎలా బతికారో వినండి. సౌత్ పాయింట్‌లో మహిళా ఖైదీల జైలు ఉండేది. ఆ ఖైదీ స్త్రీలు చేయి చేయి పట్టుకుని వరసగా సముద్రంలోకి దిగి, అలల్లో కొట్టుకొస్తున్న వాళ్లను బయటికి లాగారు. ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో బారోమీటరు ఉంది, చదివే మనిషి ఉన్నాడు, రాసే పుస్తకం ఉంది. తూర్పు నుంచి తుపాను వస్తోందని ముందుగా చెప్పగల తీగ మాత్రం లేదు. వలస పాలనలో సైన్స్ గురించి ప్రశ్న వస్తే రైల్వేలు, టెలిగ్రాఫ్, సర్వే ఆఫ్ ఇండియా అని అందరూ రాస్తారు. ఈ ఉదాహరణ రాయండి. పరిశీలన కేంద్రం ఎవరి ప్రయోజనం కోసం పెట్టారో, తీగ ఎందుకు వేయలేదో, చివరికి ప్రాణాలు కాపాడింది ఎవరో, మూడూ ఒకే సంఘటనలో ఉన్నాయి.

రహస్యమైన జోస్యం

రేవు తర్వాత వాతావరణ శాఖకు రెండో యజమాని భూమిశిస్తు. వాన కొలిచి పన్ను లెక్కగట్టడం మనకు కొత్తేమీ కాదు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు వర్షపాతాన్ని ద్రోణాల్లో చెబుతాడు. మెట్ట నేలల్లో 16 ద్రోణాలు, అశ్మక దేశంలో పదమూడున్నర, అవంతిలో 23. అశ్మకం అంటే బోధన్ చుట్టుపక్కల మన తెలంగాణ ప్రాంతమే. ప్రాచీన చరిత్రను, భూగోళాన్ని కలిపి రాయడానికి ఇంత మంచి ముక్క దొరకదు.

బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచు చూసి రుతుపవనాల అంచనా వేయడం మొదలుపెట్టాడు. 1886లో ఆ అంచనా అధికారికమైంది. ఆయన తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ 1899లో వానలు బాగానే ఉంటాయన్నాడు. పడలేదు. పడమటి, మధ్య భారతాల్లో జనం 'ఛప్పనియా అకాల్'గా గుర్తుపెట్టుకున్న ఘోరమైన కరువు వచ్చింది. ఆ తర్వాతా గురి తప్పింది, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ప్రభుత్వం ఏం చేసిందంటే, అంచనాను మెరుగుపరచడానికి ముందు దాన్ని కొన్నేళ్లపాటు రహస్యంగా ఉంచింది. ప్రభుత్వానికి మాత్రమే, జనానికి కాదు. తప్పు అంచనా వల్ల రైతుకు నష్టం. తప్పు అంచనా బయటపడితే ప్రభుత్వానికి నష్టం. రెండో నష్టానికి మందు ముందు దొరికింది.

1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు, దక్షిణ డోలనం కనిపెట్టాడు, అది మీకు తెలిసిందే. 1913లో మద్రాసు వచ్చినప్పుడు రామానుజన్ లెక్కలు చూసి విశ్వవిద్యాలయానికి సిఫార్సు చేసిన వాకర్ ఈయనే. 1932లో పుణేలో వ్యవసాయ వాతావరణ విభాగం, 1945లో రేడియోలో రైతుల బులెటిన్, 1988లో మధ్యకాలిక అంచనాల కేంద్రం, దాని కోసం అమెరికా నుంచి క్రే సూపర్ కంప్యూటరు. ఈ వరస తేదీలతో గుర్తుంచుకుంటే చాలు. ఓడ, శిస్తు, రైతు, విమానం. వాతావరణ శాఖ ఎవరెవరి కోసం పనిచేసిందో ఆ వరసలోనే కనిపిస్తుంది. రోడ్డు మీద రోజూ నడిచేవాడు, సైకిల్ తొక్కేవాడు ఆ వరసలో ఎక్కడా లేడు.

సైకిల్ బిళ్ళ

పోనీ సైకిల్ తొక్కేవాడిని ప్రభుత్వం అసలు గుర్తించలేదా అంటే, గుర్తించింది. మన పెద్దవాళ్లను అడగండి, సైకిల్ బిళ్ళ గురించి చెబుతారు. మునిసిపాలిటీ సైకిల్‌కు పన్ను కట్టించుకుని రేకు బిళ్ళ ఇచ్చేది. బిళ్ళ లేకపోతే జరిమానా, చీకటి పడ్డాక దీపం లేకపోతే పోలీసు, డబుల్స్ ఎక్కిస్తే మళ్లీ పోలీసు. వాన పడితే మాత్రం చెట్టే దిక్కు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దొరల వస్తువుగా వచ్చిన సైకిల్ ఇరవయ్యో శతాబ్దం మధ్యకి తంతి జవాను, బడిపంతులు, మిల్లు కార్మికుడి వస్తువైంది. 1939లో బొంబాయిలో హింద్ సైకిల్స్, 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. దిగుమతుల స్థానంలో దేశీయ ఉత్పత్తి అన్న విధానానికి ఉక్కు కర్మాగారాలనే ఉదాహరణగా ఇస్తాం. జనం చేతికి అందిన ఉదాహరణ సైకిలే.

2011 జనాభా లెక్కల్లో ఒక మంచి ప్రశ్న చేర్చారు. పనికి ఎలా వెళ్తున్నారు? వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాకుండా మిగతా పనివాళ్లు సుమారు 20 కోట్లు. వాళ్లలో సైకిల్ మీద వెళ్లేది దాదాపు 13 శాతం, అంటే 2.6 కోట్ల మంది. మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్ల కంటే కొంచెం ఎక్కువే. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాదు, మనుషులను కదిలించాలని చెప్పింది. 2016 మేలో స్మార్ట్ సిటీల ఫాస్ట్‌ట్రాక్ జాబితాలో వరంగల్‌తో పాటే పోర్ట్ బ్లెయిర్ కూడా ఎంపికైంది. పథకాల పేర్లు మీకు నోటికొచ్చు కాబట్టి ఇక్కడ ఆగను.

ఆ 13 శాతంలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఒక్క మాట. మిన్నీ బే నుంచి లైబ్రరీకి దూరం ఎక్కువ కాదు, కానీ దారి ఎత్తుపల్లాలు. ఎక్కేటప్పుడు వాన పడితే చొక్కా తడుస్తుంది, అంతే. దిగేటప్పుడు పడితే రాడ్ బ్రేకుల పాత సైకిల్‌కి స్టీల్ రిమ్ము మీద బ్రేక్ రబ్బర్లు జారిపోతాయి, నొక్కినా బండి ఆగదు. అందుకే పుస్తకాలకు పాలిథిన్ కవరు, సీటుకు ఇంకో కవరు ఎలాగూ ఉంటాయి, నేను అంచనా చూసేది బ్రేకుల కోసం. అంచనా నమ్మి సైకిల్ ఇంట్లో పెట్టి బస్సెక్కితే, వాన పడకపోతే బస్సు చార్జీ దండగ. నాకది చిరాకు. రోజుకూలీకి ఆ నెలంతా అలా జరిగితే అది ఒక పూట తిండి.

'ఒకటి రెండు చోట్ల' అంటే ఎంత?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 'వాతావరణ శాఖ చెప్పింది అంటే పడదులే' అన్న జోక్ మీరూ వేసి ఉంటారు. జోక్ వేసే ముందు ఆ శాఖ అసలు ఏం చెప్పిందో చదవాలి.

దేశాన్ని 36 వాతావరణ ఉపవిభాగాలుగా చేశారు. ఒకటో నంబరు ఉపవిభాగం అండమాన్ నికోబార్. బులెటిన్‌లో 'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ఉపవిభాగంలోని కేంద్రాల్లో 25 శాతంలోపు. 'కొన్ని చోట్ల' అంటే 26 నుంచి 50 శాతం. 'చాలా చోట్ల' 51 నుంచి 75. ఆ పైన 'దాదాపు అన్ని చోట్ల'. ఆ కేంద్రంలో కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే లెక్కలోకి వస్తుంది. సైకిల్ మీద ఉన్నవాడిని పూర్తిగా తడిపేయడానికి 2 మిల్లీమీటర్లు చాలు, కానీ పద్దులో అది వాన రోజు కాదు.

దానికి తోడు ఈ ఉపవిభాగం ఉత్తరాన పద్నాలుగో అక్షాంశం దగ్గర మొదలై దక్షిణాన ఏడో అక్షాంశం కంటే కిందికి పోతుంది. దాదాపు 770 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్నంత. 'కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల వాన' అన్న మాట విని బాపట్లలో ఎవరైనా సైకిల్ ఇంట్లో పెట్టేస్తారా?

కొలత వేళ కూడా చూడండి. మన దేశంలో రోజువారీ వర్షపాతం పొద్దున 8:30కి ముగిసే 24 గంటల లెక్క. సరిగ్గా జనం పనికి వెళ్లే వేళ. 8:15కి మీ మీద పడ్డ వాన ఇవాళ్టి పద్దులో ఉంటుంది, 8:45కి పక్కవాడి మీద పడ్డది రేపటి పద్దులోకి పోతుంది. శాఖను తప్పు పట్టడం కాదు, ఎక్కడో ఒక చోట గీత గీయాలి. కానీ 'నిన్న చెప్పారు, ఇవాళ పడలేదు' అని మనం పోట్లాడే 'నిన్న', 'ఇవాళ' వాళ్ల 'నిన్న', 'ఇవాళ' ఒకటి కావు.

ఇక కంప్యూటరు నమూనా. భూమిని గడులుగా విడగొట్టి ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి లెక్కగడతారు. మన దగ్గర ఆ గడి 12 కిలోమీటర్లు ఉండేది. 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌తో 6 కిలోమీటర్లకు తగ్గింది. పెద్ద అడుగే. అయినా మిన్నీ బే, నగరం నడిబొడ్డు అన్నీ ఒకటి రెండు గడుల్లో ఇమిడిపోతాయి. ఒక కొండకు ఇవతల కురిసి అవతల ఎండ కాసే మేఘం ఆ గడిలో విడిగా కనిపించదు. చుట్టూ సముద్రం కావడంతో, గాలి వచ్చే వైపు ముందుగా కబురు చెప్పే నేల కేంద్రాలూ ఉండవు. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే ఊరు ఇది, అనంతపురం కంటే అయిదు రెట్లకు పైగా. మే నుంచి డిసెంబరు దాకా ఏ రోజైనా 'వాన పడవచ్చు' అనేస్తే ఎక్కువసార్లు నిజమే అవుతుంది. ఎక్కువసార్లు నిజమయ్యే ఆ మాట పొద్దున ఎనిమిదింటికి ఎవరికీ పనికిరాదు.

నమ్మకం ఎక్కడ పోతుంది

ఇంత చిన్న విషయానికి ఇంత వ్యాసమా అని మీకు అనిపించవచ్చు. చొక్కా తడిస్తే ఆరుతుంది. కానీ మనిషి వాతావరణ వార్తను నమ్మాలా వద్దా అన్నది నేర్చుకునేది ఈ చిన్న విషయాల్లోనే. ఏడాదిలో రెండు వందల సార్లు 'వీళ్లు చెప్పింది జరగదు' అనుకున్నవాడు, రెండు వందల ఒకటోసారి 'తీరం ఖాళీ చేయండి' అన్నప్పుడు ఏమనుకుంటాడు?

1977 నవంబరు 19. దివిసీమ. అధికారిక లెక్క సుమారు పది వేల మంది. తుపాను ఉందని తెలియక కాదు, సముద్రంలో దాన్ని గమనిస్తూనే ఉన్నారు. అంతెత్తు ఉప్పెన ఏ ఊరి మీదికి వస్తుందో ఆ ఊరికి చెప్పి, నమ్మించి, కదిలించే యంత్రాంగం లేదు. 1990 మేలో దాదాపు అదే తీరానికి అంతటి తుపాను వచ్చింది. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపు. పదమూడేళ్లలో ఉపగ్రహం వచ్చింది, రాడార్లు పెరిగాయి. వాటితో పాటు జనం లేచి కదలడం కూడా వచ్చింది. విపత్తు నిర్వహణ పేపరులో మొదటి దాని గురించి పేజీలు రాస్తారు, రెండోది ఒక బుల్లెట్ పాయింట్‌తో సరిపెడతారు.

అండమాన్, ఆంధ్ర తీరాలను ఒకే తుపాను ఎలా వేర్వేరుగా చూస్తుందో రెండు ఉదాహరణలు చెబుతాను. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 8న లాంగ్ ఐలాండ్ దగ్గర అండమాన్‌ను దాటింది. 12న విశాఖపట్నాన్ని తాకింది. విశాఖకు నాలుగు రోజుల వ్యవధి దొరికింది, అంచనా కూడా గురిగా ఉంది. అండమాన్‌కు? వాయుగుండం తుపానుగా మారిన రోజే అది దీవుల మీద ఉంది. తుపాను పుట్టిన చోట ఉండేవాడికి ముందస్తు హెచ్చరిక ఎప్పుడూ తక్కువే దొరుకుతుంది. ఇది శాఖ తప్పు కాదు, భూగోళం.

అంతకు ఏడాది ముందు, 2013 నవంబరులో, లెహర్. నవంబరు 25న పోర్ట్ బ్లెయిర్ దగ్గరగా అండమాన్‌ను దాటి, సముద్రంలో మరింత బలపడి, మచిలీపట్నం వైపు వచ్చింది. అక్టోబరులో ఫైలిన్, నవంబరు 22న హెలెన్ చూసిన తీరం మళ్లీ గుండె చిక్కబట్టుకుంది. తీరా 28న మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి లెహర్ ఒట్టి వాయుగుండంగా నీరసించిపోయింది. ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఏమనుకున్నారో ఊహించడం కష్టం కాదు. అండమాన్‌లో తడిసినవాడికి లెహర్ నిజం, మచిలీపట్నంలో మూట కట్టుకుని వెళ్లినవాడికి అబద్ధం. తప్పుడు హెచ్చరిక ఖర్చును ఎవరు భరించాలి? ఖాళీ చేసిన రోజు కూలి పోయిన మనిషికి ఆ కూలి ఎవరిస్తారు? మిన్నీ బేలో బస్సు చార్జీ పెట్టుకున్నవాడి ప్రశ్న, కృష్ణా తీరంలో గుడిసె వదిలి వెళ్లినవాడి ప్రశ్న ఒకటే, ఖర్చులోనే తేడా. విపత్తు ప్రణాళికల్లో దీనికి సూటి జవాబు ఉండాలని నా అభిప్రాయం. మీరు విభేదించవచ్చు, కానీ విభేదిస్తూ రాసేటప్పుడు రెండు ఖర్చులనూ లెక్కలోకి తీసుకోండి.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఒక మార్పు మాత్రం నిజంగా జరిగింది. 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో పనిచేస్తోంది. సముద్రం అంచున ఉన్న అండమాన్‌కు హెచ్చరిక, సముద్రం లేని హైదరాబాద్ నుంచి వెళ్తుంది. 1868లో పోర్ట్ బ్లెయిర్ చూసి కలకత్తాకు చెప్పాలి, చెప్పే తీగ లేదు. ఇప్పుడు హైదరాబాద్ చూసి పోర్ట్ బ్లెయిర్‌కు చెబుతోంది, నిమిషాల్లో. 2020లో వచ్చిన 'మౌసమ్' యాప్‌లో రాబోయే కొన్ని గంటల హెచ్చరికలు కూడా ఇస్తున్నారు. సైకిల్ తొక్కేవాడి ప్రశ్నకు దగ్గరగా వచ్చిన మొదటి జవాబు అదే. ఇంకా గురి కుదరలేదు, ముఖ్యంగా దీవుల్లో.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "వలస పాలనలో వాతావరణ శాస్త్రం ఓడరేవుల, శిస్తు అవసరాల నుంచి పుట్టింది, పౌరుడి రోజువారీ అవసరం దానికి చాలా ఆలస్యంగా కనిపించింది." 1864 నుంచి 1905 వరకు బంగాళాఖాత తీరం నుంచి ఉదాహరణలతో చర్చించండి. ఎంటర్‌ప్రైజ్ నౌకను వాడితే రెండు వాక్యాలకు మించకండి, మచిలీపట్నానికి చోటు ఉంచండి.